మెదక్ బస్సులో ఉత్తరాలు

సిద్దిపేట,
22 సెప్టెంబరు 2025, సోమవారం

అక్కకు దేవదాసు వందనాలు.

ఈ ఉత్తరం నదీమ్ తెచ్చి మీ వాచ్‌మన్‌కు ఇస్తాడు. నేను కండక్టరుగా రిటైరయ్యే ముందు మా డిపోలో చేరిన మనిషి. ఇప్పుడు పొద్దుటి మెదక్ బస్సు అతనిదే. మీ రిటైర్డు నర్సుల హోము గేటు ముందే స్టాపు. "పోస్టాఫీసు ఎందుకు సాబ్, మేమున్నం గద" అన్నాడు. నీ జవాబు కూడా తిరుగు బస్సులో అతనికే ఇవ్వు. ఫోను మనిద్దరికీ అచ్చిరాలేదు. పోయినసారి నేను పంటినొప్పి అంటే నువ్వు పెండ్లెప్పుడు అని అడిగావు.

ఇంతకూ ఆ పెండ్లి సంగతే రాస్తున్నాను. మన సౌమ్యకు దుబ్బాక సంబంధం ఖాయమైంది. పిల్లవాడి పేరు సంపత్, కరెంటు ఆఫీసులో నౌకరి. తండ్రి మల్లయ్య, తల్లి కొమురవ్వ. అక్టోబరు 5 ఆదివారం ఆరాధన అయ్యాక మన చర్చిలోనే ప్రధానం. ఉంగరాలు మార్చుకునేటప్పుడు మేనత్తవు నువ్వు పక్కన లేకపోతే ఎట్లా? మోకాలు నొప్పి అనకు, కారు పంపుతాను.

సౌమ్య ఇంట్లో లేదు. మన చర్చి యవ్వనస్థులు పద్నాలుగు మంది ఈ పొద్దున సువార్త యాత్రకు బయలుదేరారు. ఏటూరునాగారం దాటి అడవిలో చింతలవాగు అనే గూడెం. పిల్లలకు పాటలు, కథలు చెబుతారు, ఒకరోజు వైద్య శిబిరం పెడతారు. సౌమ్య దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్ కదా, రక్తపరీక్షల పెట్టె దీని చేతికే ఇచ్చారు. "లగ్గం కుదిరిన పిల్లను అడివికి తోలుడేంది?" అని వాళ్ళమ్మ యాదవ్వ నా మీద అలిగి పొద్దుటి నుంచి మాట్లాడలేదు. శుక్రవారానికి వచ్చేస్తారని సముదాయించాను.

వాడలో బతుకమ్మ మొదలైంది. మా గోడ పక్కన తంగేడు పూలన్నీ ఆడపిల్లలు కోసుకుపోయారు. ఆ చప్పట్లు వింటే మన అవ్వ గుర్తొస్తుంది.

నీ తమ్ముడు,
దేవదాసు

*

మెదక్,
24 సెప్టెంబరు

దేవయ్యకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, రెండుసార్లు పక్క గది మేరీకి గట్టిగా. ఆమెకు నాకంటే చెవుడు. హోములో అందరికీ ఇప్పుడు సౌమ్య ప్రధానం సంగతి తెలుసు. నా పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చాను.

పిల్ల యాత్రకు పోయిందంటే నా ప్రాణం లేచొచ్చింది. నీకు జ్ఞాపకముందా, 1979 వానాకాలంలో మేం పోయిన యాత్ర? నాకు ఇరవయ్యొకటి, నీకు పదిహేడు. సిమెంటు లారీ వెనక పద్దెనిమిది మందిమి. హార్మోనియం తడవకుండా దాని మీద నేనే బోర్లా పడుకున్నాను. మంజీరా ఒడ్డుకు చేరాక లారీ దిగి, పుట్టిలో నలుగురు నలుగురుగా దాటాం. పుట్టి నీళ్ళమీద బొంగరంలా తిరుగుతుంటే పాట ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియలేదు. నాలుగు రోజులకని పోయినవాళ్ళం, నది పొంగి తొమ్మిది రోజులు అక్కడే ఉండిపోయాం. తెచ్చుకున్న బియ్యం అయిపోతే ఆ ఊరి ఆడవాళ్ళు జొన్నరొట్టెలు కాల్చి పెట్టారు. రొట్టె చేత్తో తట్టడం నాకు అక్కడే వచ్చింది. పొద్దున వాళ్ళతో కలుపు తీసేదాన్ని, మధ్యాహ్నం పిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. బోధించడానికి పోయాం గానీ, దేవయ్యా, ఆ ఊరే మమ్మల్ని తొమ్మిది రోజులు సాకింది. నా జన్మలో అంతటి పండుగ మళ్ళీ రాలేదు.

తర్వాత ఏమైందో నీకు తెలుసు. అది వేరే మాట.

సౌమ్య రాగానే నా దగ్గరికి రెండు రోజులు పంపు. ఇదంతా దానికి చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాను?

యాదవ్వను అడిగానని చెప్పు. పంటికి లవంగం పెట్టుకో.

అక్క

*

సిద్దిపేట,
27 సెప్టెంబరు, శనివారం

అక్కా,

పిల్లలు రాలేదు. గురువారం నుంచి అక్కడ కుండపోత. గూడేనికి ఉన్న ఒక్క దారిలో వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయిందట. ఇవతలి నుంచి వ్యాను పోలేదు, అవతల ఫోను పలకదు. మన చర్చి అయ్యగారు ఏటూరునాగారం పోలీసులతో మాట్లాడారు. "అందరు మంచిగనే ఉన్నరు, వాగు తగ్గేదాంక ఎవ్వలను దాటనియ్యం" అన్నారట. తగ్గేది ఎప్పుడో ఎవరూ చెప్పరు.

యాదవ్వ తిండి మానేసింది. దాని సంగతి అట్లుంటే, పొద్దున దుబ్బాక నుంచి కొమురవ్వ ఫోను. "మొగపిల్లలు ఎందరు పోయిన్రన్నా? ఎక్కడ పండుకుంటున్నరు? పెద్దోళ్ళు ఎవలున్నరు?" అని ఒక్కొక్కటే అడిగింది. అయ్యగారి భార్య వెంట ఉందని చెప్పాను. "ఊఁ" అని పెట్టేసింది. ఆ "ఊఁ" నా చెవిలో తిరుగుతూనే ఉంది.

ఒక్క మాట చెబుతాను, తప్పు పట్టకు. నువ్వు ప్రధానానికి వచ్చినప్పుడు ఆ పాత యాత్ర సంగతి ఎత్తకు. సౌమ్యకు కూడా చెప్పకు. వాళ్ళ చెవిన పడితే ఈ ఇంటి ఆడపిల్లలకు ఇది అలవాటే అనుకుంటారు. నీకు తెలియంది కాదు.

దేవదాసు

*

మెదక్,
28 సెప్టెంబరు

దేవదాసుకు,

ఈ పొద్దున ఇక్కడ ప్రార్థనలో పిల్లలందరి కోసం అడిగాం. అది ముందు చెప్పి, తర్వాతి మాట రాస్తున్నాను.

ప్రధానానికి నేను రాను. కారు పంపకు.

తొమ్మిది రోజులు నది అడ్డంపడితే అది నా తప్పు కాదని మన బాపు కూడా ఒప్పుకోలేదు, నువ్వొక్కడివే నావైపు ఉన్నావనుకుంటూ వచ్చాను. నేను ట్రైనింగుకు పోయిన రోజు బస్సు కిటికీ పట్టుకొని ఏడ్చింది నువ్వే. ఇన్నేళ్ళకు నీ చేతిరాతలో చదివాను, నేను కప్పిపెట్టుకోవలసిన సంగతినని.

నేను రూబేనుకు చీటీ రాశాను, నీకు తెలుసో లేదో. బెజ్జంకి బడిలో పంతులు, నాతో పెండ్లి కుదిరినవాడు. నది అవతలి ఊళ్ళో ఎందుకు చిక్కుకుపోయానో ముందు అతనికే చెప్పాలనిపించింది. పుట్టి నడిపే మనిషి ప్రాణానికి తెగించి ఒకసారి దాటుతుంటే, అవతల ఒడ్డున ఉన్న లారీ డ్రైవరుకు ఇమ్మని అతని చేతికిచ్చాను. చేరిందనే విన్నాను. రూబేను నుంచి ఒక్క మాట రాలేదు. నేను ఇల్లు చేరేసరికి సంబంధం తెగిపోయి ఉంది. ఊరి మాటలకు భయపడి నోరు మూసుకున్న మనిషిని చేసుకోనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకొని బతికాను. నాకు సిగ్గుపడే పని ఏదీ లేదు. సిగ్గుంటే అతనికి ఉండాలి.

సౌమ్య క్షేమం తెలియగానే రాయి. మిగతావి రాయనక్కర లేదు.

సుగుణ

*

సిద్దిపేట,
30 సెప్టెంబరు, మంగళవారం

అక్కా,

ఇది చివరిదాకా చదువు. నడుమ చింపేయకు.

నీ చీటీ రూబేనుకు చేరలేదు. నాకు చేరింది.

లారీ డ్రైవరు మన ఇంటికి తెచ్చాడు. బాపు, అవ్వ నాట్లకు పోయారు. "బెజ్జంకి బడిల పంతులుకు ఇయ్యాలెనట, జల్ది పో" అని నా చేతిలో పెట్టాడు. బస్టాండుకు పోయాను. బెజ్జంకి బస్సు నిలబడి ఉంది. ఎక్కే ముందు మడత విప్పి చదివాను. మీ ఇంట్లో ఎవరికైనా అనుమానముంటే నా ముఖం చూసి అడగండి అని రాశావు. అక్కడితో ఆపి ఉంటే ఎక్కేవాడినేమో. కింద ఇంకో మాట రాశావు, నర్సు ట్రైనింగు సీటు వదులుకుంటాను, అనుకున్న నెలలోనే పెండ్లి చేసుకుందాం అని.

నువ్వు ట్రైనింగుకు పోతే, నౌకరి వస్తే నన్ను చదివిస్తానన్నావు. నేను ఆ ఒక్క మాట పట్టుకొని ఉన్నాను. లేకపోతే బాపు నన్ను మర్నాడే కూలికి తోలేవాడు. బస్సు కదిలింది. నేను ఎక్కలేదు. ఇంటికొచ్చి చీటీని పొయ్యిలో వేశాను.

ఇంకోటి ఉంది. రెండు రోజుల తర్వాత రూబేను సైకిలు మీద వచ్చాడు. ఆ వానలో అంత దూరం. వాకిట్లో నిలబడి, "మీ అక్క దగ్గర్నుంచి ఏమన్న కబురున్నదా తమ్మీ?" అని అడిగాడు. లేదన్నాను. సైకిలు తిప్పుకొని పోయాడు. వాళ్ళ నాన్న వచ్చి సంబంధం వద్దన్నది ఆ మర్నాడు.

నువ్వు నెలనెలా పంపిన జీతంతోనే చదివాను, నౌకరి తెచ్చుకున్నాను, ఇల్లు కట్టాను. నీ బాగు కోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మొన్న ఆ పాత సంగతి ఎత్తకు అని రాసింది నిన్ను చూసి సిగ్గుపడి కాదక్కా. నీ యాత్ర మాట వస్తే నా సంగతి బయటపడుతుందేమోనని.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, నిన్న నాకు ఇంకొక చీటీ అందింది. గూడేనికి టీకాలు వేసే నర్సమ్మ గుట్టెక్కి తన ఫోను నుంచి పంపింది. మాటలు సౌమ్యవి. ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"బాపూ, సౌమ్యను. నీ నంబరొక్కటే నాకు నోటికొస్తది. అందరం మంచిగున్నం. అయిదో తారీఖుకు వస్తమో లేదో తెల్వది. సంపత్‌కు ఈ ముచ్చట చెప్పు. పెండ్లయినంక నౌకరి బంజేస్తనని వాళ్ళమ్మకు భయపడి ఒప్పుకున్న. బంజెయ్య. ఇది ఇష్టమైతేనే ప్రధానం పెట్టుకుందాం. ఉన్నదున్నట్టు చెప్పు బాపూ."

మొదటి సగం చెప్పి రెండో సగం మింగేద్దామని నిన్నటి నుంచి చూస్తున్నాను. కొమురవ్వ ఇప్పటికే ముఖం ముడుచుకొని ఉంది. ఈ మాట వింటే సంబంధం ఉండదు. ఫోను జేబులో పెట్టుకొని తిరుగుతుంటే, పదిహేడేళ్ళ దేవదాసు బస్టాండులో నిలబడినట్టే ఉంది.

ఏం చేయమంటావు?

దేవదాసు

*

సిద్దిపేట,
6 అక్టోబరు, సోమవారం

అక్కా,

ఆరు రోజులుగా సాయంత్రం బస్సుకు ఎదురు పోతున్నాను. "ఏం ఇయ్యలే సాబ్" అంటాడు నదీమ్. నీకు అందిందని మాత్రం తెలుసు. చేతికి అందుకున్నది నువ్వేనని వాచ్‌మన్ అతనితో చెప్పాడట.

నీ మాట రాలేదు కాబట్టి నాకు తోచింది చేశాను. సౌమ్య క్షేమం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

బుధవారం దుబ్బాక పోయాను. కొమురవ్వ నీళ్ళు ఇచ్చి, నేను తాగకముందే మొదలుపెట్టింది. "పది దినాలాయెనన్నా. వాడకట్టంత అడుగుతున్నరు. ఏం జెప్పాలె మేము?"

"చెప్పాల్సింది నాకున్నది చెల్లె. సంపత్‌ను పిలువు" అన్నాను.

పిల్లవాడు వచ్చి స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. ఫోను తీసి మొత్తం చదివాను. ఒక్క అక్షరం వదలలేదు. కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లయ్య "ఆ కింది ముక్క సదవకపోతే ఎవలకు తెలుస్తుండె బావా?" అన్నాడు. కోపంతో కాదు, నా మీద జాలితో.

"ఒకపారి గట్లనే చెయ్యి బావా, ఇంకో మనిషి బతుకు ఆగమైంది" అన్నాను. ఎవరని అడగలేదు వాళ్ళు.

సంపత్ ఫోను తీసుకొని తనే చదువుకున్నాడు. "ఎన్నడొచ్చింది మామా ఇది?"

"మొన్న."

"మొన్న వస్తే ఇయ్యాల చెప్తున్నవా?" అని ఫోను నా చేతిలో పెట్టి, బండి తీసుకొని వెళ్ళిపోయాడు. కొమురవ్వ ఏడుపు అందుకుంది. ఇక తెగిపోయిందనుకుని, చినుకుల్లోనే బస్టాండుకు నడిచాను.

శనివారం వాగు తగ్గింది. తాడు పట్టుకొని ఒక్కొక్కరే దాటారట. సాయంత్రానికి సిద్దిపేట చేరారు. సౌమ్య చిక్కిపోయింది, అరికాళ్ళు పాచిపోయి ఉన్నాయి. పన్నెండు రోజుల్లో గూడెంలో ముప్పై మందికి మలేరియా పరీక్ష చేసిందట. వాళ్ళమ్మ వాటేసుకొని ఏడుస్తుంటే, "ముందుగాల అన్నం పెట్టు అవ్వా" అంది.

తింటూ చెప్పింది. సంపత్ రెండు రోజులుగా వాగు ఇవతలే ఉన్నాడట, ఎవరో చాయ్ హోటలువాళ్ళ అరుగు మీద. "దాటంగనే ఎదురుంగ నిలబడ్డడు బాపూ. నౌకరి బంజెయ్యకు అన్నడు. సరే, గా మాట మీ అమ్మకు నువ్వే చెప్పాలె, నేను చెప్ప అన్న."

చెప్పాడట. కొమురవ్వ ఇంకా మాతో మాట్లాడటం లేదు. మల్లయ్య ఫోను చేసి నవంబరు 9 ఆదివారం ప్రధానం అన్నాడు.

నిన్ను రమ్మని అడిగే ముఖం నాకు లేదు.

దేవదాసు

*

మెదక్,
9 అక్టోబరు

దేవదాసుకు,

పిల్ల క్షేమంగా చేరింది, సంతోషం. అరికాళ్ళకు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు పెట్టి, ఆరనిచ్చి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా చూడమను.

నీకు జవాబు రాయడానికి కాగితం ముందు పెట్టుకొని లేచిపోయిన రోజులు చాలా ఉన్నాయి. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. అందుకని దానితోనే రాస్తున్నాను.

రూబేనును చేసుకుంటే నా బతుకు ఎట్లా ఉండేదో నాకు తెలియదు. మంచి భర్త అయ్యేవాడేమో, కాకపోయేవాడేమో. ఈ మెదక్ దవాఖానలో ముప్పై ఆరేళ్ళు పని చేశాను. ఈ చేతుల్లోకి వచ్చిన బిడ్డలు ఎందరో లెక్క లేదు. ఆ పని నాకు ఇష్టం. కాబట్టి నా బతుకు పాడుచేశావని అనను. కానీ అది ఎంచుకోవలసింది నేను. నా బదులు నువ్వు ఎంచావు.

నీకు తెలియంది ఒకటి చెబుతాను. 1991లో రూబేను తన భార్యను కాన్పుకు మా దవాఖానకే తెచ్చాడు. బిడ్డ అడ్డం తిరిగింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనే ఉన్నాను ఆ తల్లి దగ్గర. ఆడపిల్ల పుట్టింది. బయటికి వచ్చి చెబితే అతను చేతులు జోడించి, "సుగుణా, ఆ రోజు నేను..." అని ఏదో అనబోయాడు. "బయట కూర్చోండి, పేషెంటును కదిలించేటప్పుడు పిలుస్తాం" అన్నాను. ఆ నాలుగు రోజులు అతని ముఖం చూడలేదు. పిరికివాడివని నీకు తెలియాలి అన్నట్టు నడిచాను అతని ముందర. అతను పోయి ఎనిమిదేళ్ళయింది. మన చర్చి మండలి పత్రికలో చూశాను. అప్పుడు కూడా పేజీ తిప్పేశాను.

వానలో సైకిలు మీద వచ్చాడని నువ్వు రాసిన తర్వాత నాకు నిద్ర పట్టడం లేదు. ఆ మనిషికి నేను క్షమాపణ చెప్పుకోవాలి, చెప్పుకునే దారి లేదు. నన్ను పెండ్లి లేకుండా చేసినందుకు కాదు దేవయ్యా, ఇందుకు నీ మీద కోపం.

దుబ్బాకలో నువ్వు చేసింది మంచి పని. నా జవాబు కోసం ఆగకుండా చేశావు, అది ఇంకా మంచిది. అది విన్నాక కూడా నా కోపం అట్లనే ఉంది. రెండూ ఉంటాయి. ఉండనీ.

ఒక షరతు. నువ్వు చేసిన పని సౌమ్యకు నేను చెప్పను. చెబితే నీ మీద చాడీ చెప్పినట్టుంటుంది, చెప్పకపోతే నేను కూడా దాచినట్టుంటుంది. నీ నోటితో నువ్వే చెప్పు. చెప్పాక నాకు రాయి. అప్పుడు ప్రధానం సంగతి ఆలోచిస్తాను.

సుగుణ

*

సిద్దిపేట,
13 అక్టోబరు, సోమవారం

అక్కా,

చెప్పాను.

నిన్న చర్చి నుంచి వచ్చాక, వంటింట్లో సౌమ్య చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా పీట వేసుకొని కూర్చున్నాను. యాదవ్వ కూడా ఉంది, దానికీ ఇన్నేళ్ళూ తెలియదు. లారీ డ్రైవరు నుంచి మొదలుపెట్టి, "లేదన్నాను" అన్న మాటదాకా చెప్పాను. 1991 సంగతి కూడా, నువ్వు రాసినట్టే చదివాను. అది చెప్పమనలేదు నువ్వు. కానీ అది వదిలేస్తే సగమే చెప్పినట్టవుతుందనిపించింది.

సౌమ్య చేతులు ఆగిపోయాయి. "నా మెసేజు గుడ దాచిపెడ్దామనుకున్నవా బాపూ?"

"అనుకున్న."

"ఎంతసేపు?"

"రెండు దినాలు."

లేచి వెళ్ళిపోయింది. యాదవ్వ మటుకు తుంచిన చిక్కుడుకాయలు మళ్ళీ తుంచుతూ, "పాపం వదిన" అని ఒక్కసారి అంది, అంతే.

పొద్దుగూకే ముందు సౌమ్య వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. "ఆయన బిడ్డకు ఇప్పుడు ముప్పై నాలుగేండ్లుంటయి గదా" అంది. ఉంటాయన్నాను. "బెజ్జంకిల అడిగితే ఎవలన్న చెప్తరు. అత్త చెప్పాలనుకున్న మాట ఆమెకన్న చెప్పొచ్చు. అత్తకు ఇష్టమైతేనే." నాకు ఇన్ని రోజులుగా తట్టనిది దానికి ఒక్క పూటలో తట్టింది.

మేం ఎవరం బెజ్జంకి పోలేదు, ఎవరినీ అడగలేదు. ఇది నువ్వు ఎంచుకోవలసింది. వద్దంటే ఇక్కడితో వదిలేస్తాం. పోదామంటే సౌమ్య వెంట వస్తుంది, నేను రావాలో వద్దో కూడా నువ్వే చెప్పు.

కింద సౌమ్య రెండు ముక్కలు రాస్తానంటోంది. నేను చదవకుండా కాగితం దానికి ఇస్తున్నాను. అదే మడిచి, అదే అంటించి, రేపు పొద్దున బస్సుకు అదే ఇస్తుంది.

దేవదాసు

అత్తా, వందనాలు. బాపు అంతా చెప్పారు, నాకు ఆయన మీద ఇంకా కోపంగానే ఉంది. శుక్రవారం సెలవు పెట్టాను. పొద్దుటి బస్సులో నీ దగ్గరికి వస్తున్నాను. జొన్నపిండి తెస్తాను, రొట్టె తట్టడం నేర్పు. బెజ్జంకి సంగతి రొట్టెలు తిన్నాక మాట్లాడుకుందాం.
సౌమ్య